అలుకు అందని చోటు

ఆ మధ్య మా బంధువుల ఇంట్లో షష్టిపూర్తికి వెళ్ళాను. పెళ్ళికొడుకు వయసు అరవై. పెళ్ళికూతురి వయసు అడక్కూడదు. సన్నాయి, పందిరి, మామిడాకులు అన్నీ సక్రమంగానే వున్నాయి. పెద్దవాళ్ళు వరసగా వచ్చి అక్షింతలు వేసి, నిండు నూరేళ్ళూ చల్లగా వుండమని దీవిస్తున్నారు. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న ఎనిమిదో తరగతి కుర్రాడొకడు, "తాతయ్యా, మన వొంట్లో రోజూ కొత్త కణాలు పుడతాయని మా పుస్తకంలో వుంది. కొత్తవి పుడుతూనే వుంటే మనిషి ముసలివాడెందుకవుతాడు?" అని అడిగాడు.

"అప్పడం మెత్తబడిపోతుంది, ముందు తిను" అన్నాను. జవాబు తెలియనప్పుడు పెద్దవాళ్ళం చేసే పని అదే కదా!

అప్పడం అయితే అయిపోయింది గాని, ప్రశ్న మాత్రం నాతోపాటు బస్సెక్కి ఇంటికొచ్చింది. పుస్తకాలు తిరగేశాను. తెలిసినవాళ్ళని విసిగించాను. చివరికి తేలిందేమిటంటే, దాదాపు యాభై ఏళ్ళపాటు పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులే ఆ కుర్రాడి పక్షాన వున్నారట. కణానికి ముసలితనం లేదు, చావు అసలే లేదు, ముసలితనమంతా పై శరీరానిదే అని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకానికి పునాది ఓ కోడిగుండె ముక్క.

న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో అలెక్సిస్ కారెల్ అనే ఫ్రెంచి సర్జన్ వుండేవాడు. తెగిన రక్తనాళాలని కుట్టే పద్ధతి కనిపెట్టినందుకు 1912లో నోబెల్ బహుమానం అందుకున్న ఘనుడు. అదే యేడు జనవరి 17న, గుడ్డులో ఇంకా పిండంగా వున్న కోడిపిల్ల గుండెలోంచి చిన్న ముక్క తీసి గాజుపాత్రలో పెంచడం మొదలెట్టాడు. అది పెరిగింది. సగం తీసి వేరే పాత్రలో వేస్తే అదీ పెరిగింది. నెలలు గడిచాయి, ఏళ్ళు గడిచాయి. ఎబెలింగ్ అనే శిష్యుడు దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఆ గదిలో పనిచేసేవాళ్ళంతా నల్లటి అంగీలు, తలమీద నల్లటి ముసుగులు వేసుకోవాలని కారెల్ నియమం. దూరం నుంచి చూసినవాళ్ళకి అది ప్రయోగశాలో క్షుద్రపూజో తెలిసేది కాదేమో. ఏటా జనవరి వచ్చేసరికి పత్రికలవాళ్ళు ఆ గుండె ముక్క పుట్టినరోజుని గుర్తుపెట్టుకుని మరీ రాసేవారు. కోటానుకోట్ల కణాలూ పారెయ్యకుండా దాచివుంటే ఈపాటికి సూర్యుడికన్నా పెద్దదయ్యేదని లెక్కలు కూడా కట్టారు. 1944లో కారెల్ పోయాడు. గుండె ముక్క మాత్రం పోలేదు. 1946లో వాళ్ళే విసిగి పారేశారు. ముప్ఫైనాలుగేళ్ళు! ఏ కోడీ అన్నాళ్ళు బతకదు.

మిగతా ప్రయోగశాలల్లో ఎవరు పెంచినా కొన్నాళ్ళకి కణాలు విభజన మానేసి మెల్లగా చచ్చిపోయేవి. అయితే మాత్రం నోబెల్ బహుమానం వచ్చినవాణ్ణి తప్పనేదెవరు? గాజు సరిగ్గా కడగలేదేమో, ఆహారం కుదరలేదేమో అని ఎవరి తప్పు వాళ్ళు లెంపలేసుకున్నారు. పులుసు చెడితే తప్పు కొత్తకోడలి చేతిది గాని, అత్తగారు చెప్పిన కొలతది కాదు కదా. శరీరకణాలు ఎల్లకాలం విభజన చెందలేవని, అందుకే చావు వుందని జర్మనీలో వైజ్‌మన్ 1881లోనే వూహించాడు. ఆ మాట కోడిగుండె చప్పుడులో కలిసిపోయింది.

ఇలాంటి రోజుల్లో ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో లియొనార్డ్ హేఫ్లిక్ అని ఓ ముప్ఫైయేళ్ళ కుర్రాడు మనుషుల కణాల్ని సీసాల్లో పెంచుతున్నాడు. అతనికి కావలసింది ముసలితనం కాదు. కేన్సరు పుట్టించే వైరసులేవైనా వున్నాయేమో చూడాలంటే ముందు ఆరోగ్యంగా వున్న కణాలు కావాలి, అంతే. అయితే కొన్ని సీసాల్లో కణాలు మందగించి ఆగిపోతున్నాయి. అందరిలా చేతులు కడుక్కుని మళ్ళీ మొదలెట్టకుండా అతను చిట్టా తిరగేశాడు. ఆగిపోయినవన్నీ ఎక్కువసార్లు రెట్టింపయిన పాత సీసాలే. అదే ఆహారం తింటున్న కొత్త సీసాలు పక్కనే కళకళలాడుతున్నాయి.

అప్పుడు పాల్ మూర్‌హెడ్ అనే మిత్రుడితో కలిసి ఓ ప్రయోగం చేశాడు. నాకైతే ఈ మొత్తం చరిత్రలో ఇంతకంటే ముచ్చటైనది కనిపించలేదు. దాదాపు నలభైసార్లు రెట్టింపయిన ముసలి మగ కణాల్ని, పదిసార్లే రెట్టింపయిన పడుచు ఆడ కణాల్ని ఒకే సీసాలో కలిపి పెంచారు. ఆడవేవో మగవేవో క్రోమోజోములు చూసి చెప్పొచ్చు. కొన్నాళ్ళయ్యాక చూస్తే సీసా నిండా ఆడ కణాలే మిగిలాయి. అదే గాజు, అదే ఆహారం, అదే గాలి. ఇక వంటచేసినవాళ్ళ తప్పనడానికి వీల్లేదు. తప్పుందంటే తినేవాడి వయసులోనే వుంది! మామూలు మనిషి కణం సుమారు యాభైసార్లు రెట్టింపయి అక్కడితో ఆగిపోతుందని ఇద్దరూ వ్యాసం రాశారు.

దాన్ని మొదట చూసిన పత్రిక సంపాదకుడు పేటన్ రౌస్. సరైన ఆహారం పెడితే కణాలు ఎల్లకాలం పెరుగుతాయన్నది స్థిరపడిన సత్యమని, వ్యాసం వేసుకోలేమని తిప్పి పంపాడు. ఈ రౌస్ ఎవరనుకున్నారు? కోళ్ళ కేన్సరుకి వైరసు కారణమని 1911లో చెప్పి, నమ్మేవాళ్ళు లేక అర్ధశతాబ్దం ఎదురుచూసి, 1966లో ఎనభయ్యేడో ఏట నోబెల్ బహుమానం అందుకున్న మనిషి. లోకం తన మాట వినలేదని అంతకాలం బాధపడ్డవాడికి ఇంకొకడి మాట వినబుద్ధి కాలేదు. మనుషుల సంగతి అంతే. వ్యాసం 1961లో మరో పత్రికలో అచ్చయింది.

మరి కారెల్ గుండె ముక్క సంగతేమిటి? దానికి రోజూ పోసే ఆహారం కోడిపిండాలని నూరి తీసిన రసం. ఆ రసంలోంచి ఒకటో రెండో బతికున్న కణాలు జారిపడుతూ వుండి వుంటాయని హేఫ్లిక్ అనుమానం. అక్షయపాత్రే గాని, రాత్రిపూట ఎవరో బియ్యం పోసి వెళుతున్నారన్నమాట. తెలిసి చేశారో తెలియక చేశారో చెప్పేవాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

సరే, కణం లెక్కపెట్టుకుంటోంది. ఆ లెక్కల పుస్తకం ఎక్కడుంది? 1975లో హేఫ్లిక్, అతని శిష్యుడు రైట్ ముసలి కణాల న్యూక్లియసుల్ని పడుచు కణాల్లోకి, పడుచువాటిని ముసలి కణాల్లోకి మార్చి చూశారు. వయసు న్యూక్లియసుతోనే వెళ్ళింది. అంటే గుట్టంతా డి.ఎన్.ఏ. వుండే గదిలోనే.

ఆ గది ఎంతో చెప్పాలి. అడ్డంగా కొలిస్తే మిల్లీమీటరులో నూరోవంతు వుంటే గొప్ప. అందులో నలభయ్యారు క్రోమోజోములుగా సర్దివున్న డి.ఎన్.ఏ. దారాన్ని సాగదీస్తే రెండు మీటర్లు. చిక్కు పడకుండా ఎలా వుందంటే, మన నేతవాళ్ళు నూలుని కండెలకి చుట్టినట్టు ఆ దారం హిస్టోనులనే ప్రోటీను కండెలకి చుట్టుకుని వుంటుంది. ఒక్కో కండెకి రెండు చుట్లకన్నా కాస్త తక్కువ. చర్మంలో కణానికీ కాలేయంలో కణానికీ దారం ఒకటే. ఎక్కడి చుట్టు వదులు చేశారు, ఎక్కడిది బిగించారు అన్నదే తేడా. బీరువాలో ఎన్ని చీరలున్నా పైన చేతికందేవే కదా కట్టుకునేది! వయసు మళ్ళిన కణాల్లో ఈ సర్దుబాటు కూడా సడలుతుంది. అక్కర్లేని చీరలు జారి కిందపడుతూంటాయి.

కణం రెండు కావాలంటే ముందు ఈ రెండు మీటర్ల దారానికీ నకలు తీయాలి. ఆరువందల కోట్ల పైచిలుకు అక్షరాలు, సుమారు ఎనిమిది గంటల పని. వేలవేల చోట్ల ఒకేసారి మొదలవుతుంది. తప్పులు దిద్దేవాళ్ళు కూడా వెంటే వుంటారు కాబట్టి, చివరికి వందకోట్ల అక్షరాలకి ఒక తప్పు మిగిలితే ఎక్కువ. మా పత్రికల ప్రూఫులు దిద్దేవారు ఈ సంగతి చదవకుండా వుంటే బాగుండును.

ఇంత శ్రద్ధగల పనివాడికీ ఓ బలహీనత వుంది. అది చెప్పాలంటే మా అమ్మ ఇల్లు అలికిన పద్ధతి చెప్పాలి. వంగలేక పీట వేసుకుని కూర్చుని, చేతికందినంత మేరా పేడనీళ్ళతో అలికేది. తర్వాత పీట వెనక్కి జరిపి మళ్ళీ మొదలు. పీట వున్న చోటు మిగిలిపోతుంది గాని, తర్వాతి పీట మీద కూర్చున్నప్పుడు చెయ్యి చాచి దాన్నీ అలికేసేది. అలా జరిగి జరిగి చివరి గోడకి ఆనుకునేది. ఆ ఆఖరి పీట కింద చోటు మాత్రం ఎలా అలుకుతారు? గోడకి అవతల నుంచి చెయ్యి చాచేవాళ్ళుండరు కదా.

డి.ఎన్.ఏ. నకలు తీసే ఎంజైము కూడా పీట లేకుండా పని మొదలెట్టలేదు. పైగా ఒకే దిక్కుకి నడవగలదు. అందువల్ల జంటపోగుల్లో ఒకదాన్ని ఏకధాటిగా, రెండోదాన్ని ముక్కలు ముక్కలుగా నకలు తీస్తుంది. ఆ ముక్కల్ని కనిపెట్టిన ఒకజాకి దంపతులు జపానులో నగోయా వాళ్ళు. వారి పరిశోధన 1968లో అచ్చయింది. భర్త రేజీ ఒకజాకి హిరోషిమాలో పుట్టాడు. 1945లో బాంబు పడ్డప్పుడు ఆ వూళ్ళోని కుర్రాడు. డి.ఎన్.ఏ. ఎంత శ్రద్ధగా నకలవుతుందో లోకానికి చూపించిన ఆ మనిషి 1975లో నలభై నాలుగో ఏట రక్త కేన్సరుతో పోయాడు. ఆయన భార్య సునెకో ఆ పని వదలకుండా కొనసాగించారు.

ఆఖరి పీట సంగతి మొదట తట్టింది మాస్కోలో అలెక్సీ ఒలోవ్నికోవ్‌కి. 1966లో ఓ సాయంకాలం హేఫ్లిక్ లెక్క గురించిన ఉపన్యాసం విని, తలలో అదే ఆలోచనతో భూగర్భ రైలు స్టేషనులో నిలబడ్డాడట. సొరంగంలోంచి రైలు వచ్చి ఆగింది. పట్టాలు డి.ఎన్.ఏ. అయితే, రైలు నకలు తీసే యంత్రమైతే, అది తాను నిలబడ్డ చోట కిందనున్న పట్టాకి నకలు తీయలేదు కదా అనిపించింది. అంటే నకలు తీసిన ప్రతిసారీ క్రోమోజోము కొస కాస్త కాస్త తరుగుతుంది. తరగడానికని కొసల్లో పనికిరాని అక్షరాలేవో వుండాలి. అవి అయిపోయిన రోజున కణం ఆగుతుంది. 1971లో రష్యనులోనూ, 1973లో ఇంగ్లీషులోనూ అచ్చువేశాడు. ప్రయోగం లేదు, సూక్ష్మదర్శిని లేదు, ఉట్టి ఆలోచన. చాలా ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు.

క్రోమోజోము కొసల్లో విశేషమేదో వుందని అంతకు ముప్ఫైయేళ్ళ ముందే ఇద్దరికి తెలుసు. ఎక్సురేలతో ఈగల క్రోమోజోముల్ని తుంచి చూసిన హెర్మన్ ముల్లర్ 1938లో ఆ కొసలకి టెలొమియర్ అని పేరు పెట్టాడు. మొక్కజొన్న మీద పనిచేస్తున్న బార్బరా మెక్లింటాక్, తెగిన కొసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయని, కణం విడిపోయేటప్పుడు మళ్ళీ పుటుక్కున తెగుతాయని, తెగి మళ్ళీ అతుక్కుంటాయని చూసింది. అసలైన కొసలు మాత్రం అలా అంటుకోవు. అంచు కుట్టని గుడ్డ పీలికలవుతుంది, అంచు వున్నది నిలుస్తుంది.

ఆ అంచులో ఏముందో చదివినావిడ ఎలిజబెత్ బ్లాక్‌బర్న్. టాస్మేనియాలో పుట్టి, అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, జోసెఫ్ గాల్ దగ్గర చెరువునీళ్ళలో ఈదే టెట్రహైమినా అనే ఒంటికణపు జీవిని పట్టుకుంది. ఎందుకు దాన్నే అంటే, దానిలో చిన్న చిన్న క్రోమోజోములు వేలకొద్దీ వుంటాయి. కొసలు చదవాలనుకున్నవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి! ఆ కొసల్లో ఆరక్షరాల మాట ఒకటే జపంలా మళ్ళీ మళ్ళీ రాసివుందని 1978లో ప్రకటించింది. మనుషుల్లోనూ దాదాపు అలాగే, టి.టి.ఏ.జి.జి.జి. అని వేలసార్లు వుంటుందని 1988లో తెలిసింది. పుట్టినప్పుడు పదివేల నుంచి పదిహేనువేల అక్షరాలదాకా వుండే ఈ కొస, కణం రెండయినప్పుడల్లా యాభై నుంచి రెండువందలదాకా పోగొట్టుకుంటుంది. ఆ రష్యను పెద్దమనిషి మాట నిజమేనని 1990లో మనుషుల కణాల్లో కొలిచి చూపించారు.

అయితే మరో చిక్కు. చెరువులో ఆ జీవి తరిగిపోకుండా ఎలా బతుకుతోంది? బ్లాక్‌బర్న్ దగ్గర చేరిన విద్యార్థిని కేరల్ గ్రైడర్ 1984లో క్రిస్మస్ పండగ రోజున కూడా ప్రయోగశాలకి వెళ్ళి ఫలితం చూసుకుంది. తరిగిన కొసకి మళ్ళీ అక్షరాలు చేర్చే ఎంజైము ఆ కణాల్లో వుంది. అదే టెలొమరేజ్. 2009లో వీరిద్దరికీ, ఈస్టు కణాలతో ఈ విషయం రూఢి చేసిన జాక్ షోస్టక్‌కీ కలిపి నోబెల్ బహుమానం ఇచ్చారు. తెల్లవారుజామున ఫోను మోగేసరికి గ్రైడర్ ఉతికిన బట్టలు మడతపెడుతోందట. ఆ మాట విన్నాక మా ఇంట్లో నాకు రెండురోజులు కష్టమైంది. ఒలోవ్నికోవ్ పేరు ఆ జాబితాలో లేదు. 2022లో ఆయన పోయాడు.

మన వొంట్లో కూడా ఆ ఎంజైము తయారుచేసే జీను వుంది. బీజకణాల్లో పనిచేస్తుంది, అందుకే అరవయ్యేళ్ళ తండ్రికి పుట్టినా బిడ్డ పసిబిడ్డే. మామూలు శరీరకణాల్లో మాత్రం చాలావరకు దానికి తాళం వేసివుంటుంది. 1998లో మామూలు కణాల్లోకి దాన్ని చొప్పిస్తే హేఫ్లిక్ లెక్క దాటి విభజన చెందుతూ పోయాయి. అమృతం దొరికిందని పత్రికలు గంతులేశాయి. కోడిగుండె పుట్టినరోజుల్లో వేసినట్టే.

తాళం ఊరికే వెయ్యలేదు. 1951లో అమెరికాలో బాల్టిమోరులో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి ఇల్లాలు గర్భాశయ ముఖద్వారపు కేన్సరుతో ఆస్పత్రిలో చేరి, ఆ యేడే పోయింది. ఆమెనడక్కుండా తీసుకున్న కణాలు ఇవాళ్టికీ లోకంలో ప్రయోగశాలలన్నిటా పెరుగుతూనే వున్నాయి. వాటిలో టెలొమరేజ్ మెలకువగా వుంది. కేన్సరుల్లో పదింట తొమ్మిదింటిలో అది మెలకువగానే వుంటుంది. హేఫ్లిక్ అంకె అంటే, దారితప్పిన ఏ కణమూ ఎల్లకాలం పెరగకుండా వేసిన కట్టుకొయ్య కూడా. దాన్ని పీకితే బతుకుతామా, ఇంకా తొందరగా పోతామా అన్నది తేలిక లెక్క కాదు.

కొస అరిగిన కణం చప్పుడు చెయ్యకుండా కూర్చుంటుందా అంటే అదీ లేదు. విభజన మానేసి, అరుగుమీద కూర్చుని దారినపోయేవాళ్ళందర్నీ కసురుకునే పెద్దమనిషిలా చుట్టుపక్కల కణాల్ని వాపెక్కించే రసాయనాలు వెదజల్లుతూ వుంటుంది. వయసుతోపాటు అలాంటివి పోగుపడతాయి.

అలాగని ముసలితనమంతా ఈ కొసలోనే వుందని ఆ కుర్రాడికి చెబితే అబద్ధమవుతుంది. ప్రయోగశాల చిట్టెలుకకి మనకన్నా ఎంతో పొడవైన టెలొమియర్లున్నాయి, బతికేది రెండుమూడేళ్ళు. మెదడులో నరాల కణాలు చిన్నప్పట్నుంచీ విభజన చెందవు, అయినా ముసలివవుతాయి. వాటి గొడవ నకలుది కాదు, మరమ్మత్తుది. డి.ఎన్.ఏ.కి వేడివల్లా, నీటివల్లా, మనం పీల్చే ప్రాణవాయువు వల్లా కూడా రోజూ వేలకొద్దీ గాట్లు పడతాయి. వాటిని ఎప్పటికప్పుడు పూడ్చాలి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు గారు ఎలుకల మెదడు కణాలమీద ఏళ్ళతరబడి పనిచేసి, వయసు పెరిగేకొద్దీ ఈ మరమ్మత్తు శక్తి తగ్గిపోతుందని చూపించారు. ఇక 1904లో ఓటో వెర్నర్ అనే జర్మను వైద్య విద్యార్థి వర్ణించిన జబ్బు వుంది. ఇరవయ్యో పడిలోనే జుట్టు నెరుస్తుంది, ముప్ఫైలకి కంట్లో శుక్లాలు వస్తాయి. 1996లో దాని జీను దొరికింది. జంటపోగుల్ని విప్పే ఎంజైము చెడిపోవడమే కారణం. వాళ్ళ కణాలు యాభై కాదు, ఇరవైసార్లకే ఆగిపోతాయి.

హేఫ్లిక్ తొంభయ్యారేళ్ళు బతికి 2024లో పోయాడు. 1962లో ఆయన పెంచిన కణాల జాతి ఒకటుంది, డబ్ల్యు.ఐ.38 అని పేరు. స్వీడనులో గర్భస్రావమైన ఒక పిండపు ఊపిరితిత్తులవి. ఆ తల్లినీ ఎవరూ అడగలేదు. రుబెల్లా టీకా ఆ కణాల మీదే తయారైంది, ఎన్నో కోట్లమంది పిల్లలకి పడింది. ఎనిమిదిసార్లు రెట్టింపయ్యాక ఆ కణాల్ని ఎనిమిదివందల పైచిలుకు గాజుగొట్టాల్లో పోసి గడ్డకట్టించాడు. ఏళ్ళూ దశాబ్దాలూ గడిచాక కరిగించి చూసినా అవి లెక్క మరిచిపోలేదు. సీసాలో వేడి తగలగానే తొమ్మిదోసారి రెట్టింపయి, పదోసారి, పదకొండోసారి అనుకుంటూ, యాభై దగ్గరికి వచ్చి ఆగాయి.